చదరంగపు భాండాగారము

చదరంగముతో స్త్రీలకేమి పని యని కొందఱు సోదరీమణులు మమ్ము అడుగవచ్చును. మేము చెప్పబోవునది ఆటను గూర్చి మాత్రమే కాదు. మా యింట జరిగిన యొక చిన్న తప్పును గూర్చియు, దానివలన ఒక వృద్ధునకు కలిగిన పెద్ద బాధను గూర్చియు. ఫోను లేని యిల్లు నేడు అరుదు. ఫోనున్న యే యింటనైనను ఇట్టిది జరుగవచ్చును గనుక దీనిని వ్రాయ సాహసించుచున్నాము.

మా పుట్టినిల్లు రేపల్లె. మా నాయనగారు మాకు ఇంటియొద్దనే అమరము, రఘువంశము, భాగవతము చెప్పిరి. చదరంగమును నేర్పినవారును వారే. గుఱ్ఱపు నడక మాకెంతకును పట్టుపడకపోగా, వేదాంతదేశికులవారి పాదుకాసహస్రములోని తురగబంధమును పలకమీద గళ్ళు గీసి చూపిరి. ముప్పదిరెండక్షరముల శ్లోకమును ముప్పదిరెండు గళ్ళలో వ్రాసి, గుఱ్ఱము గంతులిడు వరుసను చదివినచో మఱియొక శ్లోకము పుట్టును. ఆ దినము మొదలు గుఱ్ఱము మమ్ము మోసపుచ్చలేదు.

మేము తెనాలికి కాపురమునకు వచ్చిన పిమ్మట నాయనగారి కెదుట కూర్చుండి ఆడువారు లేకపోయిరి. ఆ లోటును మా అమ్మాయి తీర్చినది. దానికిప్పుడు పండ్రెండేండ్లు. రెండేండ్లనుండి తాతకును మనుమరాలికిని ఫోనుమీదనే ఆట సాగుచున్నది. దీపము పెట్టినవేళ ఒకరి యెత్తు ఒకరికి చెప్పుకొందురు. తాతగారు తమ కొయ్యపలకమీద పావులను జరుపుకొని, మఱునాటివఱకు ఆలోచింతురు. మొదట వారే గెలుచుచుండిరి. గడచిన వేసవి తరువాత అమ్మాయి వరుసగా నాలుగాటలు గెలిచినది. మేము పొంగిపోతిమి. మావారు బడిలో తోటి యుపాధ్యాయులతో చెప్పుకొని మురిసిరి.

కార్తికమాసమున ఒకనాడు మా యమ్మ ఫోను చేసి మెల్లగా ఇట్లు చెప్పినది: "మీ నాయనగారు సాయంకాలము గుడిలో భాగవతము చదువుటకు పోవుట మానుకొనిరే. బుద్ధి మందగించినదట. పద్యము నడుమ తప్పుదునేమో యని భయపడుచున్నారు. రాత్రులు పలక ముందు ఒంటరిగా కూర్చుండి, ఓడిన యాటలను మరల మరల పేర్చి చూచుకొనుచున్నారు."

మా గుండె బరువెక్కినది. వార్ధక్యము నాయనగారి జ్ఞాపకశక్తిని ముట్టినదని తలచితిమి. ఆ రాత్రి అమ్మాయి నోటుపుస్తకములో వ్రాసియుంచిన యాటలను తీసి, మేమును పలకమీద పేర్చి చూచితిమి.

కడపటి యాట చివర పలకమీద మిగిలినవి ఐదే పావులు: రాజులిద్దఱు, అమ్మాయి బంట్లు రెండు, తాతగారి బంటు ఒకటి. అక్కడ అమ్మాయి రాజు నేరుగా ఒక్క యెత్తున పోదగిన గడికి పోక, వెనుకకు జరిగి, ప్రక్కకు తిరిగి, త్రికోణము గీచినట్లు చుట్టివచ్చి మరల అచ్చటికే చేరినాడు. అంతట తాతగారి రాజు దారి విడువవలసి వచ్చినది. ఎంత యాలోచించినను ఆ ప్రదక్షిణ మాకు అర్థము కాలేదు. మఱునాడు అమ్మాయిని పిలిచి, "రాజు ఇట్లు చుట్టు తిరిగినాడెందుకు?" అని అడిగితిమి.

"అది మంచి యెత్తమ్మా."

"మంచిదని ఎట్లు తెలిసినది?"

అమ్మాయి తల వంచుకొన్నది. కొంతసేపటికి ఫోను తెచ్చి మా చేతిలో పెట్టినది.

అందులో మేము చూచినదానిని సోదరీమణులకు వివరింపవలసియున్నది. లిచెస్ అను నొక చోటు ఇంటర్నెట్టులో కలదు. 2010లో థిబో డుప్లెస్సీ యను ఫ్రాన్సు దేశస్థుడు దానిని స్థాపించెను. అచ్చట రుసుము లేదు, వ్యాపార ప్రకటనలును లేవు. పలకమీద ఏ స్థితిని పెట్టినను, దానిని గూర్చి లోకమునకు తెలిసినదెల్ల చెప్పు భాండాగారములు అందు రెండు తెగలుగా నున్నవి. మొదటి తెగ ఆడిన యాటల కూడలి. 1952 మొదలు ప్రవీణులు ముఖాముఖిగా ఆడిన యాటలు ఇరువది లక్షలకు పైగా అందులో చేరియున్నవి. ఒక స్థితిని చూపినచో, ఇంతకుముందు దానిని చేరినవారు ఏ యెత్తు వేసిరో, నూటికి ఎందఱు గెలిచిరో, ఎందఱు ఓడిరో, ఎన్ని సమములైనవో చిన్న పట్టీలో తెలుపు నలుపులుగా చూపును.

ఇట్టి కూర్పు ఒక్క నాటిలో పుట్టినది కాదు. 1966నుండి బెల్‌గ్రేడు నగరమున 'ఇన్ఫర్మేటర్' అను సంపుటములలో మేలైన యాటలను అచ్చువేయుచు వచ్చిరి. 1980వ దశకము చివర జర్మనీలోని హాంబర్గునుండి 'చెస్‌బేస్' వెలువడి, ఆ పనిని కంప్యూటరులోనికి మార్చెను. తరువాత చాలకాలము అట్టివి డిస్కులమీద వెల యిచ్చి కొనవలసినవే. కలవారి యిండ్లకే అందినవి. నేడు తెనాలిలోని మా అమ్మాయికిని, ప్రపంచ విజేతకును తెఱచియున్న తలుపు ఒక్కటే.

రెండవ తెగ యింకను వింతయైనది. ఇది ఆడిన యాటలను లెక్కింపదు; ఆడదగిన వాటినెల్ల లెక్కించును. పలకమీద రాజులతో కూడ ఏడు పావులు గాని, అంతకు తక్కువ గాని మిగిలినచో, ఆ స్థితి గెలుపో, ఓటమియో, సమమో నిశ్చయముగా చెప్పును. ఊహతో చెప్పుట కాదు, తేల్చి చెప్పుట. దీనిని కట్టిన విధము విలోమము. మొదట రాజు కట్టుపడిన స్థితులనన్నిటిని వ్రాసికొందురు. వాటికి ఒక్క యెత్తు ముందున్న స్థితులేవి, వాటికి మఱియొక యెత్తు ముందున్నవేవి యని వెనుకకు వెనుకకు నడిచి, మిగిలిన గళ్ళనన్నిటిని నింపుదురు. అల్లిన పూలదండను చివరి ముడినుండి విప్పుచు మొదటి పువ్వువఱకు పోయినట్లన్న మాట. 1983లో అమెరికాలో కెన్ థాంప్సన్ ఇట్లు లెక్కించి, రెండు శకటులు ఒంటి గుఱ్ఱమును సాధారణముగా జయింపగలవని తేల్చెను. నూఱేండ్లకు పైగా పండితులు అది సమమని నమ్మియుండిరి. 2012లో మాస్కో విశ్వవిద్యాలయమున ఏడు పావుల పట్టికలు ముగిసినవి. అందు ఒక స్థితిలో గెలుచుటకు 549 ఎత్తులు కావలెనట! 'సిజిజీ' యను మఱియొక విధమైన పట్టికలు 2018లో పూర్తియై, అందఱికిని అందుబాటులోనికి వచ్చినవి. ఏడు పావుల స్థితులు 400 లక్షల కోట్లకు పైగా నున్నవి. మా అమ్మాయి చూచినది ఈ పట్టికనే. ఆ ప్రదక్షిణ చేసినది దాని రాజు కాదు, పట్టిక రాజు.

"ఆ చోట దినములతరబడి సాగు ఆటలలో, మొదటి యెత్తుల భాండాగారమును చూచుకొనుటకు అనుమతి యున్నదమ్మా" అని అమ్మాయి గొణిగినది. అది నిజమే.

"ముగింపు పట్టికలకును ఉన్నదా?"

"లేదు."

"తాతగారితో నీ యొప్పందమేమి?"

"ఎవరి బుద్ధి వారిదని" అనుచు ఏడ్చినది.

మావారు విని చాలసేపు మాటాడలేదు. పిదప, "మామగారికి చెప్పినచో ఆయన మనసు మఱింత నొచ్చును. ఇకమీదట చూడవద్దని అమ్మాయిని మందలించిన చాలును గదా" అనిరి. వారి మాటలో దయ లేకపోలేదు. కాని తప్పును మాన్పుట వేఱు, తప్పువలన పడిన గాయమును మాన్పుట వేఱు. మనుమరాలి గౌరవము కాపాడుటకు తాతను మతిమఱపువానిగా మిగిల్చుట మాకు న్యాయముగా తోచలేదు. ఆ మాటయే చెప్పితిమి. వారును తుదకు సరే యనిరి.

ఆదివారమునాడు అమ్మాయిని వెంటబెట్టుకొని రేపల్లె రైలెక్కితిమి. వేమూరు, భట్టిప్రోలు దాటువఱకు అమ్మాయి కిటికీనుండి వరిచేలను చూచుచునే యుండెను; ఒక్క మాట లేదు. ఇంటికి పోవునప్పటికి నాయనగారు వసారాలో పడకకుర్చీలో నున్నారు. పలక అటకమీదికి పోయినది. అమ్మాయి వారి పాదములంటి, చెప్పవలసినదంతయు తానే చెప్పినది. మేము గుమ్మమువద్ద నిలిచి ఊరకుంటిమి.

నాయనగారు కోపింపలేదు. నవ్వనును లేదు. "నాలుగాటలును అట్లేనా?" అని మాత్రమడిగిరి. నాలుగును అట్లే. మొదటి రెండింటిలో నడిమి యాటకు కూడ కంప్యూటరు సాయము తీసికొన్నట్లు అమ్మాయి చెప్పినది. అది మాకును అప్పుడే తెలిసినది.

కొంతసేపటికి వారు, "నీవు గెలిచినందుకు నాకు బాధ లేదు తల్లీ. నేను ఓడిన కారణము నాకు దొరకలేదు. ఎంత వెదకినను దొరకకపోగా, కారణము నేనే యనుకొంటిని" అనిరి.

ఆ మాట మాకిప్పటికిని చెవులలో మ్రోగుచున్నది. పరుల బుద్ధిని మన బుద్ధిగా చూపినప్పుడు, ఎదుటివాడు కోల్పోవునది గెలుపు మాత్రమే కాదు; తనమీద తనకుండు నమ్మకమును గూడ కోల్పోవును. ఈ మాట పిల్లలకు ఏ నీతిపాఠములోను ఇంత తేటగా చెప్పజాలము.

భోజనములైన తరువాత నాయనగారే పలకను దింపించి, అమ్మాయిని పిలిచి, "ఆ పట్టికను నేనొక ప్రశ్న యడుగవచ్చునా?" అనిరి. ఆ ప్రశ్న మాకు తెలియనిది కాదు. మా చిన్ననాటినుండి పండుగకు బంధువులు చేరినప్పుడెల్ల వినిన కథయే. యాబదియేండ్ల క్రిందట వారు బాపట్లలో చదువుకొనుచుండగా, భావనారాయణస్వామివారి కోవెల వీథిలో ఒక యింటి యరుగుమీద చదరంగపు పందెము జరిగినదట. కడపటి యాటలో ఎదుటివానికి ఒంటి రాజు మాత్రము మిగిలెను. మా నాయనగారికి రాజును, తెల్లగళ్ళ శకటును, కుడివైపు అంచు బంటును ఉన్నవి. గెలుపు చేతిలోనిదే యని అరుగు చుట్టును మూగినవారందఱు ననిరి. ఎంత ఆడినను గెలుపు రాలేదు, ఆట సమమైనది, పందెము పోయినది. ఎక్కడో ఒక యెత్తు తప్పితినని వారి యభిప్రాయము. ఆ తప్పిన యెత్తును యాబదియేండ్లు వెదకిరి.

అమ్మాయి ఆ స్థితిని ఫోనులో పేర్చినది. నాయనగారికి ఏ పావు ఏ గడిలో నున్నదో ఇంకను నోటికి వచ్చును. మతిమఱపు మాట అక్కడనే తేలిపోయినది! శకటు నడువదగిన ప్రతి గడికిని, రాజు నడువదగిన ప్రతి గడికిని, బంటు నడకకును పట్టిక ఒక్కటే సమాధాన మిచ్చినది: సమము, సమము, సమము. తప్పిన యెత్తు లేదు. గెలుపు మొదటినుండియే లేదు.

నాయనగారు కన్నులద్దములు తీసి తుడుచుకొనిరి. "లేని తప్పును ఇన్నాళ్ళు మోసితినా!" అనిరి. అది సంతోషమో, చింతయో మాకు తెలియలేదు. తప్పు పోయినది, దానితోపాటు ప్రతి పండుగకును చెప్పుకొను కథయు పోయినది. పిదప ఫోనువైపు చూచి, "సరే, ఎందుకు కాదో చెప్పుమనుము" అనిరి.

ఆ పట్టిక అది చెప్పదు. అందులో తీర్పే కాని హేతువు లేదు.

"అయిన నీవు చెప్పుము" అని తాతగారు మనుమరాలి ముందు కొయ్యపావులు పెట్టిరి. ఫోనును మా యమ్మ తీసికొని బియ్యపు డబ్బామీద పెట్టినది. అమ్మాయి మధ్యాహ్నము మొదలు సందెవేళవఱకు ఆ నాలుగు పావులను కదుపుచునే యుండెను. ఒకసారి మాకు చూపి, కాదని తానే మార్చుకొన్నది. తుదకు, "తాతగారూ! మీ బంటు చేరవలసిన మూలగడి నల్లనిది. మీ శకటు జన్మములో నల్లగడి త్రొక్కదు. అతని రాజు ఆ మూలలో కూర్చున్నచో మీరు లేవగొట్టజాలరు. మీరు మరీ దగ్గఱకు పోయినచో, అతనికి మీదెబ్బ లేకయే కదలుటకు చోటుండదు, అప్పుడును ఆట సమమే" అని ఒక్క గ్రుక్కలో చెప్పినది. అక్షరాల నిజము. శకటు నల్లగళ్ళదై యున్నచో ఆనాటి పందెము నాయనగారిదే.

అంతట వారు తమ వంతుగా అమ్మాయి యాట పేర్చి, ఆ రాజు ప్రదక్షిణకు కారణము చెప్పిరి. ఎత్తు వేయవలసి వచ్చుటయే కీడైన స్థితులు చదరంగమున కలవు. అట్టి స్థితిలో ఎత్తు మనదైనచో మనకు కష్టము. ఎదుటివానిదైనచో వానికి కష్టము. రాజు మూడెత్తులలో చుట్టివచ్చి అదే స్థితిని నిలిపి, ఎత్తును మాత్రము ఎదుటివాని నెత్తిన పెట్టినాడు. "ఇది తెలిసినవాడు నన్ను ఓడింప దగినవాడే" అని వారు నవ్విరి. ఆ సాయంకాలము గుడికి పోలేదు. మఱునాడు పోయిరని మా యమ్మ చెప్పినది.

తిరుగు రైలులో మేము ఆలోచించితిమి. మేము అమరమును మొదట అర్థము తెలియకయే వల్లించితిమి. వల్లించుట తప్పు కాదు. అర్థము వచ్చినదని నటించుట తప్పు. సూత్రమెంత నిశ్చయమైనదైనను భాష్యము లేనిదే చదువరికి పట్టుపడదు. ఈ పట్టికలు సూత్రములు. భాష్యమును ప్రతి యింట, ప్రతి పలకమీద, ఎవరికి వారే వ్రాసికొనవలెను. స్థితులను కూర్చి నేర్పుట మనకు క్రొత్తయు కాదు. తిరువేంగడాచార్య శాస్త్రి యను పండితుడు సంస్కృతమున చదరంగపు స్థితుల గ్రంథము కూర్పగా, దాని యాంగ్లానువాదము 1814లోనే బొంబాయిలో అచ్చైనది. ఆ గ్రంథము ముందున్న విద్యార్థి సమాధానమును చూచి పుస్తకమును మూయవచ్చును, లేదా మూసి ఆలోచింపవచ్చును. నేటి విద్యార్థియు అంతే.

భయపడి ఫోనును దాచివేయుటయు మాకు సమ్మతము కాదు. మన ప్రాంతపు ఆడుబిడ్డలు ఈ యాటలో ఎంతదూరము పోయిరో సోదరీమణులకు తెలియనిది కాదు. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి తండ్రియొద్ద ఆట నేర్చి, 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరు బిరుదము నందెను. అప్పటికి అంత చిన్న వయసున దానిని పొందిన స్త్రీ మఱియొకతె లేదు. 2019లోను, 2024లోను త్వరితపు ఆటలో ప్రపంచ మహిళా విజేత యయ్యెను. గుంటూరు బిడ్డయైన ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై ఒలింపియాడున తొమ్మిదవ నెల గర్భముతో కూర్చుండి ఆడగా మన మహిళా జట్టునకు కాంస్యము వచ్చినది. 2024లో బుడాపెస్టున స్వర్ణము గెలిచిన జట్టులోను ఆమె యుండెను. ఇట్టి ప్రవీణులకు పనికివచ్చు విద్య మన పల్లెలోని పిల్లకును ఉచితముగా దొరకుచున్నప్పుడు, తలుపు మూయుట అవివేకము. లోనికి పోవు పద్ధతి నేర్పుట మన పని.

మా యింట నేర్పరచుకొన్న పద్ధతి యిది. ఆట ముగియువఱకు భాండాగారమును చూడరాదు. ముగిసిన పిమ్మట మొదట నోటుపుస్తకములో "ఇక్కడ నేను తప్పితిని, కారణమిది" అని తన మాటలతో వ్రాసికొనవలెను. అటుపిమ్మట పట్టికను అడుగవలెను. పట్టిక వేఱుగా చెప్పినచో, ఎందుకో తెలియువఱకు పలక తీయరాదు. లెక్కలకును, వ్యాసములకును నేడు ఫోనునడుగు పిల్లలకు ఇదే పద్ధతి పనికివచ్చునని మావారి యభిప్రాయము.

మొన్న బాపట్లలో బాలబాలికల పోటీకి అమ్మాయిని తీసికొనిపోతిమి. ఐదాటలలో రెండు గెలిచి, మూడు ఓడినది. ఇంటికి వచ్చు రైలులో మేము ఫోను ఇయ్యబోగా వద్దని, నోటుపుస్తకము తీసి, "ముందు వ్రాసికొననిమ్మా" అన్నది. తెనాలి వచ్చువఱకు వ్రాయుచునే యుండెను. దీపము పెట్టినవేళ రేపల్లెనుండి ఫోను మ్రోగినది. తాతగారు ఎన్ని గెలిచితివని అడుగలేదు, ఎందుకోడితివో చెప్పుమనిరి. వారిరువురు మాటాడుకొనుచుండగా, మేము వంటయింటిలోనికి పోయి ఎసరు పెట్టితిమి.